అమ్మ లెంపలేసుకున్న ధ్యానం క్లాసు

అమ్మమ్మా,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఎలా ఉన్నావని అడగను... అక్కడైనా నీ ఒళ్లు చల్లగా ఉండే ఉంటుంది. నేను మండపేట మిల్లులోనే ఉన్నాను, బస్తాలు కుట్టే మిషన్ దగ్గర. నోరు ఇంకా అదుపులోకి రాలేదు.

సంగతేంటంటే, అమ్మకి ముట్లు ఆగిపోతున్నాయి. నీకు వచ్చినట్టే వచ్చింది. ఉన్నట్టుండి లోపలినుంచి సెగ, ఒళ్లంతా చెమట, నిద్ర లేదు, ఎవరేమన్నా చిర్రుబుర్రులు.

నువ్వు పట్టపగలు నూతి దగ్గర బిందెలకు బిందెలు గుమ్మరించుకుంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టారు, గుర్తుందా? "పొయ్యి వంటింట్లో లేదే, నా గుండెల్లో ఉంది" అనేదానివి. మళ్లీ నువ్వే, "ఆడదాని ఒంటి సంగతి గడప దాటకూడదే" అనేదానివి. ఎందుకు దాటకూడదు? ఆ తాయెత్తు కట్టినవాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మది మన మిల్లు కళ్లంలోనే పని. ఉడికించిన ధాన్యం ఎండలో పోసి, వరసలో నడుస్తూ కాళ్లతో తిరగేయాలి. ఒకరోజు సెగ వచ్చినప్పుడే మేస్త్రి ఏదో అన్నాడు. చేతిలో చీపురు వాడి మీదికి విసిరేసింది. పిచ్చెక్కిందన్నాడు. ఇంకొక్కసారి ఇలా చేస్తే పనిలోకి రానక్కర్లేదన్నాడు. ఆ పని పోతే అమ్మ ఉండగలదా? తిండి లేక కాదు... ఆ ఆడవాళ్ల కబుర్లు లేక.

అందుకే ఆ సంగతి గడప దాటించాను. ప్రభుత్వాసుపత్రికి లాక్కుపోయాను. డాక్టరమ్మ పరీక్షలు చేసి, మందుల సంగతి తర్వాత చూద్దాం, ముందు అక్కడి నర్సుగారి ధ్యానం క్లాసులో కూర్చోమంది. మైండ్‌ఫుల్‌నెస్ అంటారట. ఫోన్‌లో వెతికి చదివాను. అది సెగని ఆపదు, సెగతో మనం పోట్లాడ్డం ఆపుతుంది. ఊపిరినీ, ఒంట్లో జరిగేదాన్నీ గమనిస్తూ ఉండాలి, అంతే.

అంతేనా? అమ్మ దాన్ని నోము చేసేసింది! తలంటుకుని, ఉపవాసంతో వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మనసు పక్కకి పోతే మెల్లగా వెనక్కి తెచ్చుకోండమ్మా అన్నారు నర్సుగారు. అమ్మ మనసు కొర్రమీను కూర మీదికి పోయిందట. అపచారమని టపటపా లెంపలేసుకుంది. పద్ధతి ఇదే కాబోలని గదిలో ఆడవాళ్లందరూ లెంపలేసుకున్నారు! నర్సుగారు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగిపోయారు.

తర్వాత ఆవిడే చెప్పారు, మనసు పోవడం తప్పు కాదని, కూర్చోలేనివాళ్లు నడుస్తూ కూడా చేయొచ్చని. నడకా? అమ్మ పొద్దస్తమానం చేసేది అదే కదా!

ఇప్పుడు కళ్లంలో అరికాళ్ల కింద గింజ జారడం గమనిస్తూ నడుస్తోంది. సెగ వస్తూనే ఉంది... కానీ కాస్త నిద్ర పడుతోంది.

మొన్న మిట్టమధ్యాహ్నం మళ్లీ వచ్చింది. మొహం ఎర్రబడింది. మేస్త్రి చూస్తూ నిలబడ్డాడు. నేను మిషన్ ఆపేశాను. అమ్మ ధాన్యంలో కాళ్లు ఆనించి, నెమ్మదిగా ఊపిరి వదిలింది. అప్పుడు, మేస్త్రిగారూ, ఇక్కడో నీళ్ల కుండ పెట్టించి పందిరి వేయించండి, నాకొక్కదానికే కాదు, ఇక్కడ సగం మందికి ఇదే బాధ అంది. అందరి ముందూ! ఇవాళ గుంజలు పాతుతున్నారు.

చల్లగా అడిగితేనే వింటారా వీళ్లు? నర్సుగారు నన్నూ క్లాసుకి రమ్మన్నారు. రానన్నాను. ఇంట్లో నెమ్మదైనవాళ్లు ఒకరు చాలు.

నీకు ఎవరూ చెప్పని సంగతి మన వీధిలో ప్రతి ఆడదానికీ నేను చెప్తాను. అరిచి మరీ చెప్తాను. నువ్వేమీ అనుకోకు.

నీ మనవరాలు,
సత్యవేణి