చెయ్యి వెళ్లిన చోటు

చిక్కడపల్లి,
గురువారం.

శ్రీవారికి మీ ప్రభ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, మన అమ్మాయి భాగ్యశ్రీ కులాసా. ఆ కొండల్లో వంతెన పని సాగుతోందనీ, మీ దగ్గు తగ్గిందనీ తలుస్తాను.

మీ సైటులో ఫోన్ కలవదు కాబట్టి మనకు ఈ ఉత్తరాలే దిక్కు. భాగ్యశ్రీ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు రోజూ వెళ్తోంది. వంటింటి కప్పు కారడం ఆగింది. మా నర్సింగ్ కాలేజీలో నేను తెలుగు నేర్పే విదేశీ పిల్లల సంగతి అడిగారు కదా. టాంజానియా అమ్మాయి నీమా ఇప్పుడు నారాయణగూడలో కూరగాయలు బేరమాడి తెచ్చుకుంటోంది. కానీ వార్డులో మన ఆడవాళ్లు "ఏం లేదు బిడ్డా" అంటే, నిజంగానే ఏమీ లేదనుకుని వచ్చేసేది. అందుకే క్లాసులో నేను రోగిగా కూర్చుంటాను. వాళ్లు నాచేత మాట్లాడించాలి.

పోయిన వారం నేను ముషీరాబాద్ నుంచి వచ్చిన కూలి మనిషిని. ఎడమ రొమ్ములో గడ్డ, సిగ్గుతో దాస్తున్నాను. అదీ పాఠం. నీమా స్టూలు దగ్గరకు జరుపుకుంది.

"అమ్మా, ఏమైతుంది?"

"ఏం లేదు బిడ్డా. జర నీరసం, గంతే."

"నేను కూడ ఆడపిల్లనే. నాకు చెప్పు అమ్మా."

"ఎడమ దిక్కు... చిన్న గడ్డ ఉన్నది."

పిల్లలంతా చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. నీమా కదలలేదు. లేచి తలుపు మూసి వచ్చింది.

"మేడమ్, పాఠంలో ఎడమ. మీ చెయ్యి కుడికి పోయింది."

నవ్వేద్దామనుకున్నాను. రాలేదు.

"ఎప్పటి నుంచి?" అంది.

మీరు దసరాకు వచ్చి వెళ్లినప్పటి నుంచి, అన్నాను. మీకు చెప్పని మాట ఆ పరాయి పిల్లకు చెప్పాను. కోప్పడకండి. మీరు పని వదిలేసి వస్తారని భయం. పైకి అంటే నిజమైపోతుందని అంతకంటే భయం.

మర్నాడే తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఈరోజు ఒక్కదాన్నే వెళ్లాను. డాక్టరమ్మ రిపోర్టు బోర్లించి, నాకు మంచినీళ్లు ఇచ్చింది.

"మీ సార్ ఎప్పుడొస్తరమ్మా? ఇద్దరు కలిసి రండ్రి, మాట్లాడుదం."

ఇంకెవరైనా అయితే, ఏమీ తేలలేదేమో అనుకుని ఇంటికి వచ్చేవాళ్లు. చెడ్డ కబురు ఒంటరిగా వచ్చిన మనిషికి చెప్పకండి, ఇంటివాళ్లను పిలిపించండి అని ఆ పిల్లలకు నేర్పేది నేనే.

భాగ్యశ్రీకి ఇంకా తెలియదు. అందిన రైలుకు బయలుదేరండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ ఇల్లాలు,
ప్రభావతి