తడి బండకు పనికొచ్చే బూట్లు

చిరంజీవి ఐవిన్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ గొర్రెలూ, కుక్కా, నేనూ కులాసా. మీ నాన్న సంగతి ఈ ఉత్తరంలోనే కింద రాస్తాను, కంగారు పడకు. అక్కడ మీకు అప్పుడే మంచు పడిందని రాశావు. మన నామ్‌దాల్ లోయలో ఇంకా వానే. కొండ మీద బండలన్నీ పాకుడు పట్టి ఉన్నాయి, చిత్తడి నేలలో అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడుతోంది.

అక్కడి స్నేహితులు ఎల్గ్ దుప్పి వేటకు పిలుస్తున్నారు, ఎలాంటి బూట్లు కొనుక్కోమంటావు అని అడిగావు. ఆ మాట అడగడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకలేదురా నీకు! బూట్లంటేనే నా ఒళ్లు మండిపోతోంది.

వేసవి చివర్లో మీ నాన్న పాత బూట్ల కుట్లు విడిపోయాయి. పట్నంలో కొత్తగా పెట్టిన పెద్ద కొట్టుకు వెళ్లాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకడు ఒక జత తెచ్చి బల్ల మీద పెట్టాడు. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. "ఇవి వేసుకుంటే కొండమేకలా ఎక్కేస్తారు. రాయైనా, బురదైనా ఒకటే" అన్నాడు. అడుగుభాగం చేత్తో నొక్కి చూశాను. బల్లచెక్కలా ఉంది. "ఇంత గట్టిగా ఉందేమిటయ్యా?" అని అడిగితే, "గట్టిగా ఉంటేనే కదమ్మా ఎక్కువకాలం మన్నేది!" అని నవ్వాడు. మీ నాన్నకు అవతలివాడు నవ్వితే చాలు, కొనేస్తాడు.

నాన్న ఎందుకు రాయడం లేదని అడిగావు కదా. ఇదిగో, అందుకే. సెప్టెంబరు మొదట్లో వేటలో తుపాకీతో పొంచి ఉండే తన కాపు చోటు సరిచేసుకుందామని ఒక్కడే పైకి వెళ్లాడు. తెలుసుగా, వాగు పక్కన వాలుగా ఉండే నల్లబండ. ఇన్నేళ్లూ పడకుండా దాటిన బండే. దాని మీద కాలు పెట్టగానే ఆ బూటు గాజుమీద వేసినట్టు జారింది. కింద పడి తుంటి ఎముక విరిగింది. చీకటి పడుతున్నా రాకపోయేసరికి నేనూ కుక్కా వెతుక్కుంటూ పోయాం. వానలో తడిసి, నీలంగా మారిన పెదవులతో, "నీ అరుపులకు దుప్పులన్నీ పారిపోతాయి, మెల్లగా పిలువు" అన్నాడు మహానుభావుడు. ఆపరేషన్ అయింది. ఇప్పుడు చంకకర్రలతో ఇల్లంతా తిరుగుతున్నాడు. నీకు వెంటనే రాయొద్దని ఆయనే ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆ బూట్లు పట్టుకుని కొట్టుకు వెళ్లాను. "వేల జతలు అమ్మాం, ఎవరూ ఏమీ అనలేదు. ఆయన నడకలోనే ఏదో తేడా ఉండి ఉంటుంది" అన్నాడు ఆ ఇస్త్రీ చొక్కావాడు. పుట్టినప్పటి నుంచి ఆ కొండమీదే తిరిగిన మనిషి నడకలో తేడానట! గుమ్మం దాటేలోగా నేను అన్న మాటలు ఉత్తరంలో రాయలేను.

సరే, వాడు పరాయివాడు. మనవాళ్లు చేసింది చూడు. వేటకు ముందు జట్టు అంతా గుడిసె దగ్గర కూడాం. మీ నాన్న కర్రలతోనే వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. జట్టు పెద్ద తోర్‌గ్రిమ్ లేచి, ఎవరు ఏ చోట కాపు ఉండాలో చదివాడు. మీ నాన్న చోటైన నల్లబండ దగ్గర తన అల్లుడి పేరు చదివాడు.

"ఈ ఏడాదికేనా?" అని అడిగాను.

"చూడు గున్‌వోర్, దాపరికం ఎందుకు? మీ ఆయన ఓడ్‌లైవ్‌కి కాళ్లలో పట్టు పోయింది. ఇక మీదట గుడిసెలో కాఫీ కాచుకుంటూ కూర్చుంటే అందరికీ క్షేమం" అన్నాడు.

మీ నాన్న తన చేతుల వంక చూసుకుంటున్నాడు. నాకు ఆ చూపు చూశాకే పూనకం వచ్చింది. అందరికీ చూపిద్దామని సంచిలో తెచ్చిన ఆ బూట్లు తీసి తోర్‌గ్రిమ్ ముందు పడేశాను.

"నీదీ ఇదే కొలత. నీ కాళ్లలో పట్టు ఉందిగా? వేసుకో. గుడిసె వెనక వాగు బండ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూపించు."

"ఇదేం చోద్యం! వానలోనా?"

"మా ఆయన ఎండలో పడ్డాడా?"

అందరూ నవ్వేసరికి ఇక తప్పలేదు. బయటికి వచ్చి, బండ ఎక్కి, మీసం మీద చెయ్యి వేసి మావైపు ఒక చూపు కూడా చూశాడు. అంతే, రెండు కాళ్లూ ఒక్కసారి పైకి లేచాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారుకుంటూ వచ్చి వాగులో పడ్డాడు. నడుం లోతు నీళ్లేలేరా, ఏమీ కాలేదు. వాళ్లావిడ అందరికన్నా ఎక్కువ నవ్వింది. గడ్డం పిండుకుంటూ వచ్చి, "ఇవి బూట్లు కావు, చావు" అన్నాడు. తర్వాత మీ నాన్న దగ్గరికి వెళ్లి, "ఓడ్‌లైవ్, నోరు జారాను. నీ చోటు నీదే" అన్నాడు. మంచివాడే, మందబుద్ధి అంతే.

నేను గెలిచానని గాల్లో తేలుతున్నాను. అప్పుడు మీ నాన్న లేచి నిలబడ్డాడు.

"తప్పు బూట్లదే. కానీ ఆ బండ కింద పడి ఉన్నంతసేపూ నాకు వేరే పని లేదు, ఆలోచించుకున్నాను. ఇక నేను పైకి వెళ్లను. నా చోటు గున్‌వోర్‌కి ఇవ్వండి. ఏటా గురి పరీక్షలో నెగ్గుతుంది, మనమేమో ఏటా కాఫీ కాయిస్తున్నాం."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అందరి ముందూ ఆయన కోసం కొట్లాడితే, గెలిచిన చోటు తీసి నా చేతిలో పెడతాడా? ముందు నాకొక్క మాట చెప్పొద్దూ? దారంతా తిట్టాను. "అయిందా? ఇక బూట్లు కొనుక్కో" అన్నాడు.

ఇంతదాకా దాచిన మాట ఇదే బాబూ. ఈ ఏడు నేను కాఫీ కాయలేదు. నల్లబండ దగ్గర తుపాకీతో కాపు కాశాను.

నీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆడవాళ్ల కొలతలు అడిగితే మొదటి రెండు కొట్లలో అట్టలాంటి పల్చటి బూట్లకు గులాబీ రంగు తాడు కట్టి ఇచ్చారు. మేమేమన్నా పూలు కోయడానికి వెళ్తున్నామా? చివరికి గొర్రెల కాపర్లు కొనే కొట్టులో దొరికాయి. అడుగున గోటితో నొక్కితే రబ్బరు కాస్త లొంగాలి, తడి రాతిని పట్టేది అదే. గాట్లు లోతుగా, ఎడంగా ఉండాలి, లేకపోతే బురద ఇరుక్కుని నున్నగా అయిపోతుంది. తోలు మందంగా ఉండి, చీలమండ పైదాకా రావాలి. ఉన్ని మేజోళ్లు వేసుకుని చూడు, దిగుడులో వేళ్లు బూటు కొసకు తగలకూడదు. వేటకు ముందే రోజూ వేసుకు తిరిగి కాలికి అలవాటు చేసుకో. మరీ ముఖ్యం, నవ్వేవాడి దగ్గర కొనకు.

మొదటి రోజు వాన కురుస్తూనే ఉంది. కుక్క మొరుగుడు దగ్గరైంది. మగదుప్పి బిర్చ్ చెట్ల లోంచి వచ్చి వాగు అవతల ఆగింది. సరిగ్గా గురి దొరకాలంటే బండ మీద రెండు అడుగులు కిందకు దిగాలి. దిగాను. కాలు జారలేదు. ఒక్క దెబ్బకే దుప్పి పడింది. ఆ తర్వాత తుపాకీ ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం అందరూ షెడ్డులో మాంసం కోసుకుంటున్నారు. దుప్పిని కొట్టినవాళ్ల వాటా గుండెకాయ కదా. మీ నాన్న పొయ్యి పక్కన చంకకర్రలు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, దాన్ని పల్చగా కోసి వెన్నలో వేయించాడు. కూర్చోమని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఇన్నేళ్లూ మొదటి ముక్క ఆయన కంచంలో నేనే వేసేదాన్ని. ఈసారి నా కంచంలో ఆయన వేసి, నేను తినేదాకా ఎదురుగా నిలబడి చూశాడు.

ఉప్పు ఎక్కువైందిరా. చెప్పలేదు.

ఇట్లు,
మీ అమ్మ
గున్‌వోర్