మెట్ల మీద పడ్డ మనిషి

న్యూరెంబర్గ్,
గురువారం.

నాన్నకు,

నీ కూతురు జిల్ ప్రేమతో రాసేది. నేను బాగానే ఉన్నాను. నా క్లాసు కుర్రాడు షఫీక్ ఆస్పత్రిలో నిన్నటి నుంచి దిండుకు ఆనుకుని కూర్చుంటున్నాడు కాబట్టి ఈ ఊళ్ళో మిగిలిన మేమిద్దరం క్షేమమనే రాయవచ్చు. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ, నువ్వు తిట్టుకుంటూ మేపే ఆ సముద్రపు కొంగలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఇక్కడి సాసేజీలు వేలెడంతే ఉంటాయి, ఒక్క రొట్టెలో మూడు పెట్టి ఇస్తారు. నీకు రెండు నమలడాలకు చాలవు. బీరు నీకు అసలు నచ్చదు, పళ్ళు జివ్వుమనేంత చల్లగా పోస్తారు. ఉంటున్నది ఆస్పత్రి వెనక సందులో ఒక ముసలావిడ ఇంట్లో. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ రాదు, అయినా రోజూ పొద్దున్నే ఉడికించిన గుడ్డు తెచ్చి నేను తినేదాకా నిలబడి చూస్తుంది. మా బడి మిగతా పిల్లల్ని తోటి టీచరు ఓల్డ్‌రాయిడ్ బస్సులో బ్రాడ్‌ఫర్డ్ చేర్చాడు. షఫీక్ వాళ్ళమ్మకు నెలలు నిండాయి, కదలకూడదు. వాళ్ళ నాన్న పాస్‌పోర్టు వచ్చేదాకా వాడికి తోడు నేనే.

ఇంకొకటి కూడా అడిగావు. షఫీక్‌ను కొట్టినవాడు మెట్ల మీద వెల్లకిలా పడితే ముందు పళ్ళు ఎలా ఊడాయి, దవడ ఎలా విరిగింది అన్నావు. తిరునాళ్ళలో గుడారం వేసుకుని ఎవడొస్తే వాడితో పిడిగుద్దులాడిన మనిషివి, నీకు దవడల సంగతి నేను చెప్పబోవడం నా తెలివితక్కువ. పోయిన ఉత్తరంలో సగమే రాశాను. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను. చదువుతూ మధ్యలో కాగితం కింద పెట్టకు.

ఆ గొడవకు ముందు రోజు, నాజీలు మనుషుల్ని బంధించి చంపిన డాహౌ శిబిరం చూశాం. నేను ఏటా పిల్లల్ని తీసుకెళ్ళే చోటే. కొట్టడానికి మనుషుల్ని వంచి కట్టే బల్ల దగ్గర నిలబడలేక బెథనీ బయటికి పరిగెత్తింది. బెథనీ నీకు తెలుసు, పోయిన వేసవిలో మనింటికొచ్చి నీ చేత చేపల కూర వండించుకుతిన్న పిల్ల. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. నిద్రలేని పిల్లలు మర్నాడు ఎలా ఉంటారు, కళ్ళెం తెగిన గుర్రాల్లా ఉన్నారు. అలాంటి రోజున వాళ్ళను ఆ పాత పరేడ్ మైదానానికి తీసుకెళ్ళాను. నాజీలు లక్షలమందిని నిలబెట్టి చేతులెత్తించిన చోటు. రాతి మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మీద ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, అరుచుకుంటూ ఎక్కారు.

మా బడిలో టీచర్లు కేకలెయ్యరు. మాట్లాడకుండా చెయ్యి పైకెత్తి నిలబడతారు. అది చూసిన పిల్ల తనూ చెయ్యెత్తి నోరు మూసుకుంటుంది, ఆ పిల్లను చూసి పక్కపిల్ల. కాసేపట్లో గదంతా చేతులే, చప్పుడుండదు. మా హెడ్‌మిస్ట్రెస్ నేర్పిన పద్ధతి. రైల్వే ప్లాట్‌ఫారాల మీద, మ్యూజియాల్లో ఇన్నేళ్ళూ అదే చేశాను. అలవాటు ఎంత పాడుదో చూడు నాన్నా. ఆ మెట్ల పైన నిలబడి, ఎక్కడున్నానో ఆలోచించకుండా, చెయ్యెత్తాను.

బస్సెడు పిల్లలూ ఎత్తారు.

కింద ముగ్గురు కుర్రాళ్ళు బీరు తాగుతూ కూర్చున్నారు. గుండు తలలు, బరువైన బూట్లు. మమ్మల్ని చూసి లేచి నిలబడి, తమ చేతులూ నాజీ సెల్యూట్‌లా చాపి, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. నాకు అప్పుడు తెలిసింది ఏం చేశానో. "దించండి, దించండి" అని అరిచాను. ఈలోపు వాళ్ళలో పొడుగువాడు నవ్వుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. వాడికి ఇంగ్లీషు బాగానే వచ్చు.

"శభాష్ పిల్లలూ. ఇంగ్లండులో కూడా మనవాళ్ళు ఉన్నారన్నమాట" అన్నాడు. తర్వాత షఫీక్ కనిపించాడు. "వీడెవడు? వీడి చెయ్యెందుకు లేచింది?"

షఫీక్ నోరు ఊరుకోదు. క్లాసులో నన్నే వదలడు. "ఒంటికొస్తోంది అంకుల్. తోడొస్తారా?" అన్నాడు. పిల్లలందరూ ఘొల్లుమన్నారు.

వాడు షఫీక్ కాలరు పట్టుకుని తలతో మొహం మీద కొట్టాడు. ముక్కు చితికి రక్తం బొళబొళా కారింది. కింద పడేసి భుజం మీద బూటుకాలితో తొక్కాడు. ఎముక ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది, నేనున్న చోటికి వినిపించింది. తర్వాత మూతి మీద తన్నాడు. మళ్ళీ తన్నాడు. పదిహేనేళ్ళ పిల్లవాడు "మిస్, మిస్" అంటున్నాడు, ఆ మాట కూడా రక్తంలో బుడగల్లా వస్తోంది.

నేను పరిగెత్తుకెళ్ళి వాణ్ణి తోశాననీ, వాడు కాలు జారి మెట్ల మీద పడ్డాడనీ నీకు రాశాను. పోలీసులకు చెప్పిందీ అదే. నేను వాణ్ణి తోయలేదు నాన్నా.

పిల్లలు నన్ను జనంలో గుర్తుపట్టడానికి ఒక ఎర్ర గొడుగు పట్టుకు తిరుగుతాను. దాన్ని తిరగేసి పట్టుకుని, బరువైన కర్ర పిడితో వాడి చెవి మీద కొట్టాను. వాడు ఇటు తిరిగాడు. మూతి మీద కొట్టాను. పళ్ళు రాలడం చూశాను. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అక్కడితో అయిపోయింది, షఫీక్‌ను వాడింకేం చెయ్యలేడు. మిగతా ఇద్దరూ అప్పటికే పరుగు లంకించుకున్నారు. వాడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని "బిట్టే" అన్నాడు. దయచేసి అని. ఆ ఒక్క మాటా మా పిల్లలకు కూడా వచ్చు, రొట్టెల కొట్లో మొదటి రోజే నేర్పాను. "బిట్టే, బిట్టే" అన్నాడు. ఆ చేతుల సందులోంచి పొడిచాను. పిడి విరిగింది. విరిగిన మొనతో పొడిచాను. కంట్లో దిగింది. పడిపోయాక దవడ మీద మడమతో తొక్కాను.

ఓల్డ్‌రాయిడ్ వెనక నుంచి నడుం పట్టుకుని లాగాడు. "జిల్, వాడు చచ్చిపోతాడు. వదులు, నీకు దణ్ణం పెడతాను, వదులు" అన్నాడు. వదల్లేదు. ఆయన మోచెయ్యి కొరికాను.

ఇంకో మాట నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆపమన్నందుకు ఓల్డ్‌రాయిడ్ మీద కోపమొచ్చింది.

అంబులెన్సులు వచ్చి షఫీక్‌నూ వాణ్ణీ ఎక్కించుకున్నాయి. మేం బస్సెక్కాక వెనక సీట్లోంచి బెథనీ లేచి నిలబడి అంది, "అందరూ వినండి. వాడు జారిపడ్డాడు. మిస్ వాణ్ణి ముట్టుకోలేదు. అర్థమైందా?" ఓల్డ్‌రాయిడ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేనూ కాదనలేదు. బెథనీ నా చేతి రక్తం తుడుచుకోమని రుమాలు ఇచ్చింది. నా వేళ్ళు తగలకుండా కొస పట్టుకుని అందించింది. మంచి పిల్ల, చెయ్యి నొప్పిగా ఉంటుందని చూసుకుంటోంది అనుకున్నాను.

పోలీసులు ముందు చేతులెత్తిన సంగతే అడిగారు. ఈ దేశంలో అది నేరం. బడి పద్ధతి అని చెబితే అర్థం చేసుకోవడానికి సగం రోజు పట్టింది. తర్వాత వాడి సంగతి. ఒక్కో పిల్లనీ పిలిచి అడిగారు. ఒక్కరూ తడబడలేదు. జారిపడ్డాడు, జారిపడ్డాడు, జారిపడ్డాడు. ఒక ఆడమనిషి గొడుగుతో కొట్టిందని వాడు నోటి కట్టు లోంచి చెబితే ఎవరు నమ్ముతారు? వాడికి ఒక కన్ను పోయింది. పందొమ్మిదేళ్ళట. మా బడి వదిలి వెళ్ళిన పిల్లల వయసు.

ఊరుకుందామనే అనుకున్నాను. నాకు సాకులకు కొదవా? నేను నిజం చెబితే ఇంగ్లీషువాళ్ళే మీద పడ్డారని వాడి వకీలు వాదిస్తాడు, షఫీక్‌కు జరిగిందానికి వాడు తప్పించుకుంటాడు. నా ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు. పైగా నీ ఉత్తరం. "నిజంగా ఎవరైనా కొట్టి ఉంటే మాత్రం ఆ చెయ్యి బంగారం" అని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతావు. చిన్నప్పుడు ఒక్కసారి తప్ప నువ్వు నన్నంత మెచ్చుకున్నది లేదు.

నిన్న సాయంత్రం షఫీక్‌కు సూప్ తాగిస్తున్నాను. బాగానే కబుర్లు చెబుతున్నాడు. "మిస్, ఈ కట్టు తీసేసరికి నా ముక్కు సినిమా హీరోలా ఉంటుందంటారా?" అన్నాడు.

"ముందెలా ఉండేదో అలాగే వస్తుందిరా" అన్నాను.

"అయితే ఇంకోసారి తన్నించుకోవాలి" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఎండ వాడి కళ్ళలో పడుతోందని కిటికీ తెర లాగడానికి వాడి తల మీదుగా చెయ్యి చాపాను. వాడు గబుక్కున ముడుచుకుని, బాగున్న చేత్తో మొహం కప్పుకున్నాడు. సూప్ దుప్పటి మీద ఒలికిపోయింది.

"షఫీక్, నేనురా. మిస్‌ని" అన్నాను.

"తెలుసు మిస్" అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

పొద్దున పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి అంతా చెప్పాను. హాయిగా అనిపించిందన్నది కూడా చెప్పాను. రాసుకుంటున్నావిడ నా వయసుదే. విని విని చివరికి కలం కింద పెట్టి, "మీ పిల్లలకు మీరంటే ఎంత ప్రాణమో. ఒక్కరు కూడా నోరు జారలేదు" అంది.

"ప్రాణం కాదండీ, భయం" అన్నాను. ఆవిడ నమ్మలేదనుకుంటాను. ఊరు వదిలి వెళ్ళొద్దన్నారు. షఫీక్ నాన్న శనివారం వస్తున్నాడు, ఆయనకూ నేనే చెబుతాను. బెథనీకీ మిగతావాళ్ళకూ మళ్ళీ కబురు పెట్టి అడుగుతారట. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పమనీ, నేనేమీ అననని పిల్లలకు చెప్పమనీ ఓల్డ్‌రాయిడ్‌కు ఫోన్ చేశాను.

నువ్వు నా మీద కోప్పడతావో, బాధపడతావో తెలియదు. లాయరు ఖర్చని ఇల్లు అమ్ముతానని మాత్రం బయల్దేరకు. నీకు ఈ సంగతి మరొకరి నోటి నుంచి తెలియకూడదని రాస్తున్నాను. ఇంకొకందుకు కూడా. నీ చేతి దెబ్బకు అమ్మ పెదవి చీలిన రోజు పక్కింటి మిసెస్ క్రాబ్‌ట్రీ గోడ మీంచి తొంగి చూసి ఏమైందని అడిగింది. మెట్ల మీద జారిపడిందని చెప్పింది నేను. అమ్మ కాదు, నేనే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నువ్వు గుమ్మంలో నిలబడి విని, లోపలికొచ్చాక "నా బంగారుతల్లి, నాన్నంటే ఎంత ప్రేమో" అని తల నిమిరావు. ఇన్నేళ్ళుగా నువ్వు అదే అనుకుంటున్నావు నాన్నా.

ఇట్లు,
నీ కూతురు
జిల్