మగ్గం తొక్కిన కాలు

నాన్నకూ అమ్మకూ నమస్కారాలు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నీ కళ్ల మంట ఎట్లా ఉంది నాన్నా? నేను బాగానే ఉన్నాను, మీరు భయపడకండి. భయమంతా నేనే పడుతున్నాను. ఫోన్లో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను.

బెంగళూరులో మూడు వారాలుగా ముసురు. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. జొన్నరొట్టె ముఖం చూసి ఎన్నాళ్లయిందో.

ఈ పియానో బడిలో ఫోన్లు ఎత్తే పనికి చేరాను కదా. మన వీధి చర్చిలో కీబోర్డు నేర్చుకున్నానని తెలిసి, చిన్నపిల్లలకు మొదటి పాఠాలు చెప్పమన్నారు. ఆ పని నిలవాలంటే వచ్చే శనివారం బడి పెద్ద మేడం ముందు ఒక పాట వాయించాలి. ఫోన్ల పనికి వేరే పిల్లను పెట్టుకున్నారు, కుదరకపోతే గద్వాల బస్సెక్కడమే. రెండు వందల ఏళ్ల కిందటి పోలండ్ ఆయనొకడున్నాడు, పియానో కోసమే బతికి చిన్నవయసులో దగ్గుతో పోయాడు. ఆయన పాటల్లో ఏదైనా సరే, ఎంచుకోవడం నా ఇష్టమట.

నేనేమో గొప్పకు పోయి, వేళ్లు పరుగెత్తే పాట పట్టుకున్నాను. పోయిన వారం నాకు నేర్పే మేడం విన్నది. ఆమెది అనంతపురం.

"స్వరాలన్నీ సరిగ్గానే ఉండాయి. మరి రంగు కారిన చీర మాదిరి ఎందుకు కలిసిపోతాండాయి?" అని వంగి నా కాలు చూసింది.

పియానో కింద కాలితో తొక్కే పెడల్ ఉంటుంది. తొక్కితే మోగిన స్వరం ఆగదు, తర్వాతి దానితో కలిసిపోతుంది. నేను చేయి కదిలినప్పుడల్లా తొక్కుతున్నాను. పన్నెండేళ్లు మగ్గం గుంటలో, చేయి ఆడినప్పుడల్లా తొక్కిన కాలు, దానికి తెలిసింది అంతే.

"కాలితో పనిలేని చిన్న పాట చూసుకో" అంది మేడం.

పుస్తకమంతా వెతికాను. ఎడమచేయి ఎగిరి దూకేవి పెడల్ లేకుంటే తెగిపోతాయి, అవి పక్కన పెట్టాను. ఒక్క పేజీది దొరికింది. నెమ్మదిగా ఉంటుంది, ఎడమచేయి కదలదనే చెప్పాలి. తేలికే. అందుకే ఇంకా భయం. మొదటిసారి నన్ను మగ్గంలో కూర్చోబెట్టి నువ్వన్న మాట గుర్తొచ్చింది: "అంచుల తప్పు పడితె జరి దాస్తది బిడ్డా. నడుమ సాదా నేతల పడితె యాడ దాస్తవ్? ముందు గదే నేర్చుకో."

నాలుగు రోజులుగా అదే వాయిస్తున్నాను. చెప్పులు విప్పి, కాలు కుర్చీ కిందికి ముడుచుకుంటాను. అయినా సగం పాటకు మన మగ్గం చప్పుడు చెవిలో పడుతుంది, కాలు దానంతట అదే ముందుకు వచ్చేస్తుంది.

పెద్దమ్మకు నా దండాలు చెప్పండి, ఈ సంగతి మాత్రం చెప్పకండి. శనివారం నీ చేయి, అమ్మ చేయి నా తలమీద ఉన్నాయనుకుని కూర్చుంటాను.

ఒక్కటే అడుగుతాను నాన్నా. అవ్వ పోయిన రోజు తప్ప నువ్వు పని వేళ మగ్గం ఆపింది లేదు. శనివారం పదింటికి ఒక్క ఐదు నిమిషాలు ఆపు. అక్కడ ఆగిందని తెలిస్తే ఇక్కడ నా కాలు కూడా ఆగుతుంది.

నీ బిడ్డ,
సుజాత