చలిమిడి విమానమెక్కిన వైనం

మహాలక్ష్మీ సమానురాలైన అక్కయ్య రాజ్యలక్ష్మికి, తమ్ముడు విశ్వనాథం పాదాభివందనములు చేసి వ్రాయు లేఖ.

ఇక్కడ నేను, అమ్మాయి శారద, అల్లుడు సుఖంగా ఉన్నాము. అక్కడ నీవు, బావగారు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలు ఎలా ఉన్నది? మొన్నటి గాలివానకు చాట్రాయి వైపు కాయ రాలిందని విన్నాను. మన తోటలో రసాలు నిలిచాయో లేదో తెలియజేయవలెను. క్షేమంగా చేరానని ఫోనులో చెప్పిన ఒక్క మాటతో నీకు తృప్తి కలగదని ఎరుగుదును. అందుకే ఈ ఉత్తరం.

నీ మరదలు పోయిన తరువాత నూజివీడులో ఇంటికి తాళం వేసి, బ్రహ్మపుత్ర ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో కూతురి పంచన చేరతానని నేను ఏనాడూ అనుకోలేదు. కాని నిరుడు నెలలు నిండకుండానే బిడ్డను పోగొట్టుకున్నప్పటి నుంచి శారద మనిషి మనిషిగా లేదు. ఈసారి ఏడవ నెల వచ్చినా, ఇంట్లో బిడ్డ ఊసెత్తనిచ్చేది కాదు. ఒక చిన్న గుడ్డ ముక్క కూడా కొననీయలేదు. "తల్లి లేని పిల్లరా, మేనత్త చేతి చలిమిడైనా దాని కడుపున పడాలి" అని నీవు పాకం పట్టి స్టీలు డబ్బాకెత్తి, నా చేతుల్లో పెట్టి చెప్పిన మాట నా చెవిలో ఇంకా ఉన్నది: "ఒరేయ్, నేల మీద పెట్టకు. చెప్పులున్నచోట అసలు పెట్టకు. అమ్మ కాలం నుంచీ అంతే."

టిక్కెట్టు సంగతి ముందు చెప్పవలెను. అల్లుడు తీస్తానన్నాడు గాని, నేనే ఫోనులో వెదికాను. ఇంచుమించు నెల ముందుగా చూడడం మంచిదని, శని ఆదివారాల కంటె వారం నడుమ ప్రయాణం చౌక అని క్రమంగా గ్రహించాను. అన్నిటికంటె వింత ఏమంటే, దగ్గర దారి కన్నా ఢిల్లీ మీదుగా పోయే చుట్టుదారి ధర తక్కువ. ఆ మాట చెప్పినప్పుడు బావగారు ఎంత నవ్వారో నీకు జ్ఞాపకం ఉన్నదా? "ఏమోయ్ మాస్టారూ, చాట్రాయి నుంచి నూజివీడుకి హైదరాబాదు మీదుగా పోతే బస్సు చార్జీ తగ్గుద్దంటే నమ్మమంటావా?" అన్నారు. నమ్మవలెనని వినయంగా మనవి చేయుము. నేనే సాక్షిని.

గన్నవరంలో పెట్టెను అప్పగించే చోటనే మొదటి పాఠం నేర్చుకున్నాను. నీవు సర్దిన ఎండుకొబ్బరి చిప్పలను తీయించారు. వాటిలోని నూనెకు నిప్పంటుకునే స్వభావం ఉన్నదట. అవి పెట్టెలోనూ పనికిరావు, చేతిసంచిలోనూ పనికిరావు. ఆవకాయ జాడీ మాత్రం కిందికి పోయే పెట్టెలో ఉండవచ్చును. ఫోనుకు ప్రాణం పోసే బ్యాటరీ ఇటుక ఉన్నదే, అది పెట్టెలో కూడదు, మన చేతనే ఉండవలెను. ప్రతి నిషేధానికీ ఒక హేతువు! ముప్పై ఏళ్ళు పిల్లలకు సూత్రాలు వల్లె వేయించిన నాకు ఆ కట్టుబాటు చూసి ముచ్చట వేసింది.

ముచ్చట ఎంతోసేపు నిలువలేదు. చలిమిడి డబ్బాను గుడ్డసంచిలో పెట్టి ఒడిలోనే ఉంచుకొని వచ్చాను కదా, దానిని తనిఖీ యంత్రంలోకి పంపవలసి వచ్చింది. సంచిని విప్పకుండానే లోపలి వస్తువులన్నీ తెరమీద కనిపించే యంత్రమది. నా కళ్ళజోడు, ధోవతి అంచు వెనుక మందుల డబ్బా, అన్నీ నీడలుగా తేలాయి. నడుమ నల్లగా, గట్టిగా ఒక ముద్ద! యంత్రం ఆగింది. ఒక ఉద్యోగిని నన్ను పక్కకు పిలిచింది. మన పిల్లే.

"ఇదేంటండీ, ఇంత బరువుగా ఉంది?"

"చలిమిడి తల్లీ. కూతురికి ఏడో నెల."

ఆమె మూత తీసి చూసి, నవ్వు ఆపుకొని, పక్కనున్న పై అధికారికి హిందీలో ఏదో చెప్పింది. ఆయన పరీక్షగా చూసి, తెల్లని పట్టీతో డబ్బా అంచు తుడిపించి, ఆ పట్టీని మరొక యంత్రానికి అందించాడు. దోషం లేదని తేలింది. అయినా తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్లే నాకు తెలుగులో విడమరచింది:

"ప్రమాదం కాదు గానీ మాస్టారూ, మెత్తగా నెయ్యోడుతూ ఉంది కదండీ, పైన మీతోపాటు తీసుకెళ్ళనివ్వరు. వెనక్కెళ్ళి పెట్టెల్లో వేయించెయ్యండి, ఇంకా టైముంది. లేకపోతే ఇక్కడే వదిలెయ్యాలి."

"అమ్మా, దీన్ని నేల మీద పెట్టకూడదు. అక్కడ అందరి చెప్పులూ, బూట్లూ ఉండే పెట్టెలు..."

"మాది ఉంగుటూరేనండీ, నాకు తెలుసు. మా అక్కకీ మా అమ్మ ఇట్టాగే చేసి పంపింది. కడుపున పడటం ముఖ్యమా, కాలు తగలకపోవటం ముఖ్యమా? మీరే చెప్పండి."

అక్కయ్యా, నీ మాట మీరవలసి వచ్చింది. నన్ను క్షమింపుము. వెనక్కి పోయి, ఉత్తరీయాన్ని నాలుగు మడతలుగా డబ్బాకు చుట్టి, సంచి మూతి కుట్టించి, నా పేరున్న కాగితం కట్టించి అప్పగించాను. నల్లని పట్టా మీద అది కదలిపోతూ రబ్బరు తెరల వెనుక మాయమైనప్పుడు, పెళ్ళయిన పిల్లను అత్తవారింటికి పంపినట్లు నిలుచుండిపోయాను. ఢిల్లీలో విమానం మారవలసింది నేనే; సంచి మాత్రం తనంతట తానే మారుతుందని చెప్పారు!

ఆ రెండవ విమానంలో కిటికీ పక్కన చోటు దొరికింది. మబ్బులు కింద పరుపులా పరుచుకొని ఉండగా, వాటి అంచున తెల్లని శిఖరాలు వరుసగా లేచాయి. మబ్బులేననుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి "హిమాలయ్" అన్నాడు. అక్కయ్యా, ఎన్ని తరగతులకు ఆ పేరు చెప్పి, నల్లబల్ల మీద సుద్దముక్కతో మూడు కోణాలు గీచి ఉంటానో! నాకు తెలియకుండానే చేతులు జోడించాను. జోడించి కోరుకున్నది మాత్రం ఒకటే: నా కాళ్ళ కింద ఎక్కడో చీకటిలో ఉన్న ఆ డబ్బా దారి తప్పకూడదని.

దిగిన తరువాత పెట్టెలు తిరిగే పట్టా దగ్గర నిలుచున్నాను. అందరివీ వచ్చాయి. నా పెట్టె కూడా వచ్చింది. సంచి రాలేదు. జనం పలచబడ్డారు. పట్టా ఖాళీగా తిరుగుతున్నది. చివరకు, ఎవరిదో గొడుగు వెనుక, ఒక పక్కకు ఒరిగి మన గుడ్డసంచి వచ్చింది. పరుగున పోయి ఎత్తుకున్నాను.

మరునాడు ఒడిలో పెట్టేందుకు ముత్తయిదువ ఎవరని సంశయం కలిగింది. శారదవాళ్ళు అద్దెకున్న ఇంటి యజమానురాలినే పిలిచాము. ఆమె అస్సామీ ఇల్లాలు. మన భాష రాదు. డబ్బా మూత తీయగానే బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి వాసన పసిగట్టి "పీఠా!" అని మొహం విప్పార్చింది. ఇక్కడ పండుగలకు చేసుకొనే పిండివంట పేరట అది. శారద కొంగులో రవికెగుడ్డ, అరటిపండ్లు, చలిమిడి తానే పెట్టి, హఠాత్తుగా నాలుక ఆడిస్తూ గొంతెత్తి ఒక మంగళధ్వని చేసింది. పిడుగు పడినట్లు ఉలికిపడ్డాను! వారి ఆచారమట. నా ఉలికిపాటు చూసి, ఎన్నో నెలల తరువాత శారద పకపకా నవ్వింది. నవ్వుతూనే ఒక ముద్ద తిన్నది. ఇంకొకటి తిన్నది. తరువాత డబ్బాను ఒడిలో పెట్టుకొని మెల్లగా అన్నది:

"నాన్నగారూ, పురుటికి అత్తయ్యని రమ్మనరూ? కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పొయ్యటం నాకేం తెలుసు? బిడ్డ జారిపోదూ!"

ఆ పిల్ల నోట బిడ్డ మాట రావడం అదే మొదలు. అల్లుడు లోపలికి వెళ్ళిపోయాడు. నేను గుమ్మం పట్టుకొని నిలబడ్డాను.

కనుక వచ్చే నెల నడుమ వారంలో మీ ఇద్దరికీ ఢిల్లీ మీదుగా టిక్కెట్లు చూసి ఉంచాను. ఆధారు కార్డులో నీ పేరు ఏ విధంగా ఉన్నదో అక్షరం తప్పకుండా తెలియజేయుము. టిక్కెట్టు మీద అదే ఉండవలెను. బావగారి అమృతాంజనం చేతిసంచిలో చిన్న సీసా అయితే చాలును. నీకు కిటికీ పక్క చోటే అడుగుతాను, ఎడమ వైపు.

పెద్దలందరికీ నా నమస్కారములు, పిన్నలకు ఆశీస్సులు. మీ ఇద్దరి దీవెనలు శారదకు ఎల్లవేళలా కావలెను. చలిమిడికి పిండి దంచిన నాడు నీతో రోకలి పట్టిన ఇల్లాళ్ళందరినీ అరుగు మీదికి పిలిచి, బావగారి చేత ఈ ఉత్తరం గట్టిగా చదివించుము. అమ్మాయి అన్న మాటను మాత్రం రెండుసార్లు చదవమనుము.

ఇట్లు,
నీ తమ్ముడు
విశ్వనాథం