కమల అత్త ట్రంకుపెట్టె

నంద్యాల, బుధవారం

నాయనా, మేము ఇక్కడ బాగున్నాము. ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

నేను సొంతంగా అచ్చేయించుకున్న నవల గురించి నలుగురికీ తెలియాలని నిన్న ఇక్కడి గ్రంథాలయంలో ఒక అధ్యాయం చదివి వినిపించాను. నువ్వు చెప్పిన మీ చెల్లెలు కమల అత్త కథే అది. పెళ్లి ఇష్టం లేక, ట్రంకుపెట్టె బావి గట్టున వదిలేసి నీళ్లలో దూకిందని రాశాను.

చదవడం అయ్యాక గోస్పాడు నుంచి వచ్చిన ఒక పెద్దామె, "ఆ పెట్టె సంగతి నీకు ఎవరు చెప్పినారు పాపా?" అని అడిగింది. మా నాయన పరంజ్యోతి చెప్పాడన్నాను. ఆమె, "కమలను నేనేనమ్మా. పెట్టె బరువైతే ఆడ వదిలేసి బస్సెక్కినా. బతికే ఉండానని మీ నాయనకు అప్పుడే జాబు రాసినా గదా," అంది.

అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆ జాబు నీకు అందిందా నాయనా? అందినా మాకు చెప్పలేదా? ఆళ్లగడ్డ చర్చిలో పంచమని నీకిచ్చిన పుస్తకాలు ఇప్పుడే ఎవరికీ ఇవ్వవద్దు. అమ్మ కంటి చుక్కలు వేసుకుంటోందా? ఎవరైనా ఇటు వస్తుంటే కాసిన్ని మినుములు పంపు. దేవుడు మీ ఇద్దరినీ చల్లగా చూడాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక గోస్పాడుకు పోతున్నాను. నువ్వు వద్దన్నా పోతాను. అత్త నీ మీద ఒక్క మాట అనలేదు. బస్సెక్కబోతూ మాత్రం, "మీ నాయనకు ఇంకా ఉబ్బసం వస్తాందా?" అని అడిగింది.

నీ బిడ్డ,
వందన