మీ బావ ఉన్న చోటు మంచిదేనా అంటే

బెంగళూరు

చిరంజీవి తమ్ముడు నారాయణప్పకు అక్క మనసారా దీవించి రాసేది. నేను ఇక్కడ కులాసాగానే ఉన్నాను. మీ బావకు కూడా ఒంట్లో బాగుంది, దిగులు పడకు. మరదలికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చిన్నమ్మ వేళకు తింటోందా, ఇంకా టీ నీళ్ళతోనే మధ్యాహ్నం దాకా లాగుతోందా? సాదలిలో వానలు పడ్డాయా? ఒక్కొక్కరి సంగతీ విడిగా రాయి. "అందరూ బాగున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేయకు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోనులో రెండు మాటలు కాగానే "సరేలేక్కా" అంటావు. పైగా ఈ వృద్ధాశ్రమం గోడలు పలుచన, నేను మాట్లాడితే వరండా అంతా వింటుంది. కన్నడలో రాసి బల్ల మీద పెడితే గది ఊడ్చే అమ్మాయి కూడా చదివేస్తుంది. అమ్మ మనల్ని కూర్చోబెట్టి నేర్పిన తెలుగు అక్షరాలు ఇన్నాళ్ళకు గుట్టుగా మాట్లాడుకోవడానికి పనికొచ్చాయి.

నా గది బాగుంది. వేడినీళ్ళు వస్తాయి, మంచం ఎత్తుగా లేదు. కిటికీ తీస్తే మాత్రం పక్క అపార్ట్‌మెంటు గోడ. ఎప్పుడు చూసినా సన్న చినుకు, చలి. కంబళి పంపించు, ఇక్కడి దుప్పట్లకు బరువే లేదు. తిండి పరవాలేదు. సంగటి కావాలని పోరితే ఎప్పుడో ఒకసారి పెడతారు, అది ముద్దకు రాదు, గరిటె నుంచి జారుతుంది. సాయంత్రమైతే నా చేతులకు పని తోచదు. మల్బరీ ఆకు కోసే వేళ కదా అది. ఇంటి మీద బెంగగా ఉంది తమ్ముడూ, దాచుకోవడమెందుకు. మన పట్టుపురుగుల ఇంట్లో ఆకు నమిలే చప్పుడు వినకుండా పడుకోవడం నాకింకా అలవాటు కాలేదు.

ఇక నువ్వడిగిన దానికి వస్తాను. నెల చూసి చెప్పు, ఉంటారా, వచ్చేస్తారా అన్నావు. పురుగుల ఇంటిని గుత్తకు అడుగుతున్న వాళ్ళకు నువ్వు జవాబు చెప్పాలి. నేనూ రోజూ అదే ఆలోచిస్తున్నాను.

మొదట మనం చూడవచ్చిన రోజు గుర్తుందా? మనిద్దరం ఏం చూశాం? చేపల తొట్టి చూశాం. నువ్వు లిఫ్టెక్కి పైకీ కిందికీ తిరిగావు. పూలకుండీలు చూసి నేనూ మురిసిపోయాను. చెప్పాపెట్టకుండా అన్నం వేళకు వచ్చి చూడాలని మనకు తోచలేదు. గంట నొక్కితే ఎంతసేపటికి వస్తారు, పనివాళ్ళు నిలకడగా ఉంటారా, పక్క తడిస్తే ముఖం ఎలా పెడతారు, ఇవన్నీ కదా అడగాల్సింది. ఉన్నమాట చెప్పాలంటే, వాటిలో చాలామటుకు వీళ్ళకు మంచి మార్కులే వేస్తాను. వాసన లేదు. స్నానానికి తొందరపెట్టరు. మీ బావను "అప్పా" అనే పిలుస్తారు.

నాకు నచ్చనిది ఆ తలుపు. నేను మామూలు ముసలివాళ్ళ వైపు, ఆయన మతిమరుపు వాళ్ళ వైపు. మధ్య తలుపుకు అంకెలు నొక్కే తాళం. ఊళ్ళో ఆయన ఇల్లు మరిచి రోడ్డున పడి నడిచిపోతే నువ్వు శిడ్లఘట్ట బస్టాండులో వెతికి పట్టుకున్నావు, అందుకే ఆ తాళం అవసరమని ఒప్పుకుంటాను. కానీ కుదురుకునే దాకా నన్ను కూడా లోపలికి రావద్దన్నారు. నలభై ఏళ్ళు ఒకే పురుగుల ఇంట్లో పనిచేసినవాళ్ళం, తలుపు అద్దంలోంచి ఆయన వీపు చూసి వెనక్కి వచ్చేదాన్ని.

తర్వాత ఒకరోజు ఇన్‌ఛార్జి సిస్టరు నన్ను పిలిచింది. మీ బావ అన్నం తినడం లేదట, తినేవాళ్ళనూ తిననివ్వడట, వడ్డించే బండికి అడ్డం పడతాడట. మొండితనం ఎక్కువైంది, డాక్టరుతో ఇంకో మాత్ర రాయిస్తామంది. నాకు ఒళ్ళు మండింది. ఆయన పరుల పళ్ళెం లాక్కునే మనిషి కాదు. మాత్ర సంగతి తర్వాత, ముందు నన్ను అన్నం వేళకు లోపలికి పంపండి అన్నాను.

వెళ్ళి చూస్తే పొడుగాటి హాలు, కిటికీలకు దోమతెరలు, వరసగా కుర్చీలు. కుర్చీల్లో అందరూ తలలు వెనక్కి వాల్చి, గడ్డాలు పైకెత్తి, కదలకుండా కూర్చున్నారు. బండి ముందు మీ బావ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"ఆకు వెయ్యొద్దమ్మా," అంటున్నాడు వడ్డించే అమ్మాయితో. "అన్నీ జ్వరానికి పడిండాయి. తలలెత్తిండేది కనపడల్యా? ఇప్పుడు మెదిలిస్తే పంటే పోతాది."

ఆ అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. సిస్టరును పక్కకు తీసుకెళ్ళి కన్నడలో చెప్పాను. పట్టుపురుగులు పొర విడిచే ముందు తలెత్తి కదలకుండా ఉంటాయి, మేము దాన్ని జ్వరమంటాం, అవి లేచేదాకా ఆకు వేయకూడదు, ఆయన మీ మనుషుల్ని కాపాడుతున్నాడు అని. ఆమె నవ్వింది. నవ్వుతూనే హాలు వైపు తిరిగి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. నేను అడిగేశాను, "పట్టపగలు అన్నం ముందు పెట్టుకుని ఇంతమంది ఎందుకు నిద్రపోతున్నారు సిస్టర్?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. పొద్దుటి మాత్రల మత్తు అయ్యుండచ్చు, డాక్టరును అడుగుతానంది. అడిగింది కూడా. డాక్టరు ఒక్కొక్కరినీ చూసి కొందరికి తగ్గించాడు, కొందరికి వేళ మార్చాడు. ఇప్పుడు మధ్యాహ్నానికి హాల్లో మాటలు వినిపిస్తున్నాయి. నోరు విప్పదనుకున్న ఒక పెద్దావిడ ఊరగాయ ఏదని గదమాయిస్తోంది. వాళ్ళు అలా మేలుకున్న మొదటి రోజు మీ బావ హాలంతా కలయజూసి, "లేచినాయి. ఇంగ ఆకు వెయ్యండి," అని తనూ కూర్చుని తిన్నాడు. సిస్టరు మళ్ళీ కొత్త మాత్ర మాటెత్తలేదు. తప్పులే జరగని చోటు ఎక్కడా దొరకదు తమ్ముడూ. చెబితే వినే చోటు కావాలి. వీళ్ళు విన్నారు.

మరి బాగుంది కదా, ఆయన్ను అక్కడ వదిలి నువ్వు ఊరికి వచ్చెయ్యి అంటావు. నీ ఇంట్లో నాకు చోటుందని తెలుసు. నాకూ రావాలనే ఉంది. మొన్న సంచి కూడా సర్దుకున్నాను. చెప్పి వద్దామని లోపలికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"యా ఊరమ్మా మీది?"

"సాదలప్పా."

"మాదీ సాదలే. మా ఇంట్లో ఆమె ఆడ ఒకతే ఉండాది. ఒక మాట చెప్తావా? ఈ పంట చేతికొస్తానే వచ్చేస్తానని చెప్పు. నా కోసం కాచుకోని కూచోకుండా తినమను."

నేను ఆమెనని చెప్పడానికి నోరు రాలేదు. చెప్తానన్నాను. గదికి వచ్చి సంచి పక్కన కూర్చుని ఏడ్చాను.

మర్నాడు నన్ను చూడగానే, "చెప్తివా? ఏమనింది?" అన్నాడు. ముఖం మరిచినవాడు కబురు మాత్రం మరవలేదు.

"తింటాండానని చెప్పమనింది. పని మధ్యలో ఇడిసిపెట్టి రావద్దనింది. నిదానంగా రమ్మనింది."

ఆయన నవ్వాడు. "ఆమె అట్లనే అంటాది," అన్నాడు.

అప్పటినుంచి రోజూ ఏదో ఒక కబురు ఇస్తాడు, రోజూ జవాబు అడుగుతాడు. అందుకే పురుగుల ఇంటిని గుత్తకు ఇచ్చేయి. పురుగులకు ఆకు వేయడంలో కక్కుర్తి పడని వాళ్ళకు ఇవ్వు. చిన్నమ్మ పాదాలకు నా దండాలు, మా ఇద్దరినీ దీవించమని చెప్పు. కైవారం వెళ్తే మా పేరున కొబ్బరికాయ కొట్టు. మరదలికీ పిల్లలకూ నా దీవెనలు. నా మీద కోపం తెచ్చుకోకు తమ్ముడూ. నేను ఊరికి వచ్చేస్తే, ఆయనకు ఇంటి నుంచి జవాబు ఎవరు తెస్తారు?

నీ మేలు కోరే అక్క,
రత్నమ్మ